ఎల్పీ, సీడీ, ఫైలు: తేడా గాడిలో ఉందా, మాస్టర్‌లో ఉందా?

ఒకే ఆల్బమ్‌ను ఎల్పీ (సూదితో వాయించే వినైల్ రికార్డు) మీద ఒకసారి, సీడీలో ఒకసారి విన్నవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే. ఎల్పీలో ఏదో నిండుదనం ఉంది, సీడీ కాస్త పొడిగా, గట్టిగా మీదికొచ్చినట్టు ఉంది. ఆ మాట అబద్ధం కాదు, చెవికి తేడా నిజంగానే తెలిసింది. చిక్కల్లా కారణం చెప్పబోయేసరికి మొదలవుతుంది. "అనలాగ్ కాబట్టి" అని ఒకరు, "డిజిటల్ శబ్దాన్ని ముక్కలు చేస్తుంది కాబట్టి" అని ఇంకొకరు తేల్చేస్తారు. కానీ ఆ పోలికలో నాలుగు విషయాలు ఒకేసారి మారిపోయాయి: మాస్టర్, వాల్యూమ్, వాయించే పరికరం, ఆఖరున ఫార్మాట్. ఈ నాలుగింట్లో ఫార్మాట్ వాటా చాలాసార్లు అన్నిటికంటే చిన్నది.

మాస్టర్ అంటే మిక్సింగ్ అయిపోయాక విడుదల కోసం సిద్ధం చేసే తుది రూపం. 1970లలో ఎల్పీగా వచ్చిన ఆల్బమ్ 1980లలో సీడీ అయినప్పుడు ఒక మాస్టర్, 2000 తర్వాత రీమాస్టర్ పేరుతో వచ్చినప్పుడు ఇంకో మాస్టర్ తయారవుతాయి. బాస్ ఎంత, ట్రెబుల్ ఎంత, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఎంత ఎడం అనేవి ప్రతిసారీ ఎవరో ఒక ఇంజనీర్ కొత్తగా నిర్ణయిస్తారు. కాబట్టి పాత ఎల్పీనీ కొత్త సీడీనీ పక్కపక్కన పెట్టి వినడం రెండు ఫార్మాట్లను పోల్చడం కాదు, ఇద్దరు ఇంజనీర్ల అభిరుచిని పోల్చడం.

అలాగని ఫార్మాట్‌తో పనే లేదనీ కాదు. ప్రతిదానికీ తనదైన బలహీనత ఉంది. అది ఎక్కడ బయటపడుతుందో తెలిస్తే వినేటప్పుడు దొరికిపోతుంది.

గాడి పెట్టే షరతులు

ఎల్పీ 1948లో వచ్చింది. అది నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. వేగం మారదు గానీ సూది కింద గాడి జరిగే దూరం మారుతుంది. అంచు దగ్గర, కేంద్రం నుంచి 146 మిల్లీమీటర్ల దూరంలో, సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి జరుగుతుంది. లోపలి కొసన, 60 మిల్లీమీటర్ల దగ్గర, అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. సెకనుకు 15,000 అలలుండే 15 కిలోహెర్ట్జ్ శబ్దంలో ఒక అలకు అంచున 34 మైక్రాన్ల చోటు దొరికితే, లోపల దొరికేది 14 మైక్రాన్లే. మామూలు గుండ్రటి సూది మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ మొన అంత ఇరుకు మలుపుల్లోకి దిగలేదు, పైపైన రాసుకుంటూ పోతుంది.

దీని ఫలితం వినాలంటే ఏదైనా ఎల్పీలో ఒక వైపు ఆఖరి పాట పెట్టి, గాయని పలికే స, శ, ష అక్షరాల మీద చెవి పెట్టాలి. మొదటి పాటలో శుభ్రంగా వినిపించిన "స" ఇక్కడ చీదినట్టు, ఉమ్మి తుంపర పడ్డట్టు వినిపిస్తుంది. కోలగా చెక్కిన ఎలిప్టికల్ సూదితో ఇది తగ్గుతుంది, గాడి గోడకు నిలువునా ఆనుకునే లైన్ కాంటాక్ట్ సూదితో ఇంకా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. హోరెత్తే పాటలను అంచు వైపు, నెమ్మదైన పాటలను లోపలి వైపు పెట్టే పాత అలవాటు ఇక్కడి నుంచి వచ్చిందే.

బాస్ సంగతి వేరు. స్టీరియో ఎల్పీలో గాడి రెండు గోడలు ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉంటాయి, ఒక్కో గోడ ఒక్కో ఛానల్‌ను మోస్తుంది. రెండు ఛానళ్లలో ఒకేలా ఉన్న శబ్దం సూదిని అడ్డంగా ఊపుతుంది. రెండింటి మధ్య తేడా దాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. బరువైన బాస్ ఒక పక్క స్పీకర్‌లోనే ఉంటే గాడి ఒకచోట మరీ లోతుగా, ఇంకోచోట మరీ పైపైన తెగుతుంది. సూది అక్కడ ఎగిరి పడుతుంది. అందుకే గాడిని కోసే కటింగ్ ఇంజనీర్లు కింది స్వరాలను రెండు ఛానళ్లకూ కలిపి మధ్యకు తెస్తారు. పై స్వరాల్లో "స"కార ధ్వనులను డీఎస్సర్ అనే పరికరంతో కాస్త అణుస్తారు, లేకపోతే కటింగ్ హెడ్‌లోని కాయిళ్లు వేడెక్కిపోతాయి. ఎల్పీలో వినిపించే ఆ మెత్తదనంలో కొంత భాగం ఈ జాగ్రత్తల పుణ్యమే. పదార్థంలో మహిమేమీ లేదు.

ఒక వైపు 18 నుంచి 22 నిమిషాలు పట్టిస్తే రికార్డు హాయిగా ఊపిరి పీలుస్తుంది. 28 నిమిషాలు కుక్కితే గాళ్లను దగ్గర దగ్గరగా కోయాలి, అందుకోసం లెవెల్ తగ్గించాలి. అప్పుడు అడుగున ఉన్న బుసబుస, చిటపటలు పైకి తేలతాయి. బాగా అచ్చొత్తిన రికార్డులో కూడా అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య ఎడం సుమారు 60 నుంచి 70 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. డిజిటల్ కొలతలో, ఒక్కో బిట్‌కు (అంకెను రాసే అతి చిన్న ప్రమాణానికి) 6 డెసిబెల్స్ చొప్పున లెక్కేస్తే ఇది 12 బిట్లకు లోపే. ఎడమ కుడి ఛానళ్ల వేరుపాటు 25, 30 డెసిబెల్స్ ఉంటే, సూది కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే కార్ట్రిడ్జ్ బాగున్నట్టే. సీడీలో అది 90 దాటుతుంది.

అన్నిటికంటే మొండి లోపం రంధ్రంలో ఉంటుంది. నడిమి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, 60 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర వేగం అటూ ఇటూ 0.83 శాతం ఊగుతుంది. అర్ధస్వరం, అంటే పియానోలో పక్కపక్క మీటల మధ్య ఎడం, దాదాపు 6 శాతం తేడా. కాబట్టి ఒక కొస నుంచి మరో కొసకు ఈ ఊగు అర్ధస్వరంలో నాలుగో వంతు దాటుతుంది. పియానో మీద పట్టి ఉంచిన స్వరం 1.8 సెకన్లకోసారి జారి తేలుతుంటే ఎంత ఖరీదైన టర్న్‌టేబుల్ అయినా చేయగలిగింది లేదు. సూదిని మోసే చేయిని, అంటే టోన్‌ఆర్మ్‌ను, పైనుంచి చూస్తే అది ప్రతి చుట్టుకూ పక్కకు ఊగుతూ కనిపిస్తుంది. రికార్డు కొనేటప్పుడు చూసుకోవలసిన మొదటి పరీక్ష అదే.

టర్న్‌టేబుల్ దగ్గర జరిగే పొరపాట్లు

ఎల్పీ బాగోలేదని తీర్పు చెప్పేముందు కనెక్షన్ చూడాలి. రికార్డు కోసేటప్పుడు ఆర్ఐఏఏ అనే ప్రమాణం ప్రకారం బాస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచుతారు. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. ఫోనో ప్రీయాంప్ దీన్ని తిరగేసి, 3 నుంచి 5 మిల్లీవోల్టులున్న కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ను పెంచుతుంది. టర్న్‌టేబుల్‌ను నేరుగా లైన్ ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం సన్నగా, పీలగా, అంతా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. టర్న్‌టేబుల్ వెనక మీటను లైన్ వైపు ఉంచి మళ్లీ యాంప్‌లోని ఫోనో ఇన్‌పుట్‌లో పెడితే సవరణ రెండుసార్లు జరిగి, బాస్ ఉబ్బి, శబ్దం పగిలిపోతుంది. ఈ రెండో పొరపాటును "ఎల్పీ వెచ్చదనం" అని మెచ్చుకునేవాళ్లూ లేకపోలేదు.

సూదితోపాటు చిన్న అయస్కాంతం కదిలే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు ప్రీయాంప్ వైపు 47 కిలోఓమ్ నిరోధం (లోడ్) ప్రమాణం. దాంతోపాటు కేబుల్, ప్రీయాంప్ కలిపి కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) ఎంత ఉండాలో కార్ట్రిడ్జ్ తయారీదారు చెబుతారు, చాలావాటికి అది 150 నుంచి 250 పికోఫారడ్ల మధ్య ఉంటుంది. పొడవాటి కేబుల్ వేసి దాన్ని దాటించేస్తే పై స్వరాల్లో ఒకచోట గుబ్బ లేచి, ఆ పైన ఒక్కసారిగా పడిపోతుంది. కార్ట్రిడ్జ్ మార్చకుండా కేబుల్ మారిస్తేనే ధ్వని మారిందని చెప్పేవాళ్ల మాటలో నిజం ఉండేది ఈ ఒక్కచోటే.

సూది బరువు విషయంలో తక్కువ ఉంటే రికార్డుకు మేలనే నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. అది తలకిందులు. 1.8 గ్రాములు కావలసిన సూదిని 1.2 గ్రాముల దగ్గర పెడితే, జోరైన చోట అది గోడను వదిలి మళ్లీ గోడకు కొట్టుకుంటుంది. గాడి దెబ్బతినేది అలాగే. సందేహముంటే తయారీదారు ఇచ్చిన హద్దుల్లో పైకొసకు దగ్గరగా పెట్టడం మంచిది. చిన్న డిజిటల్ తూకం ఉంటే టోన్‌ఆర్మ్ వెనక ఉండే బరువు (కౌంటర్‌వెయిట్) మీది అంకెలను నమ్మాల్సిన పనిలేదు. ఆ తర్వాత సూది కోణం చూసుకునే ప్రొట్రాక్టర్ అనే కొలత అట్ట మీద సూదిని రెండు బిందువుల దగ్గర, బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం కేంద్రం నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర, గాడికి సరిగ్గా సమాంతరంగా నిలిపి మరలు బిగించాలి. కుడి ఛానల్ మాత్రమే ముందుగా పగులుతుంటే యాంటీస్కేటింగ్ (టోన్‌ఆర్మ్‌ను బయటి వైపుకు లాగి ఉంచే బలం) తక్కువైనట్టు. టోన్‌ఆర్మ్ లోపలికి లాగబడి, బయటి గోడ మీద పట్టు సడలుతోందన్నమాట.

సీడీ: మెట్లు లేని మెట్ల కథ

సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన సీడీ 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. సెకనుకు 44,100 శాంపిళ్లు (అలను కొలిచి రాసుకున్న అంకెలు), ఒక్కోదానికి 16 బిట్లు, రెండు ఛానళ్లు, మొత్తం సెకనుకు 1411.2 కిలోబిట్లు. ఆ 44,100 అనే వింత అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. అప్పట్లో డిజిటల్ ఆడియోను వీడియో రికార్డర్ల మీదే దాచేవారు. ఒక్కో గీతలో 3 శాంపిళ్లు, ఫీల్డ్‌కు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డ్‌లు. మూడూ గుణిస్తే అంకె వచ్చేస్తుంది.

డిజిటల్ శబ్దమంటే మెట్లు మెట్లుగా ఉండే గీత అనే బొమ్మ దాదాపు ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తుంది. అంకెలను మళ్లీ శబ్ద సిగ్నల్‌గా మార్చే డీఏసీ నుంచి బయటికొచ్చే తీగ మీద ఆ మెట్లు ఉండవు. శాంపిల్ వేగంలో సగానికంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ఏ అలైనా ఆ బిందువుల గుండా ఒకే ఒక్క రకంగా పోగలదు, ఫిల్టర్ దాన్నే నున్నగా తిరిగి గీస్తుంది. ఒక 15 కిలోహెర్ట్జ్ సైన్ అలను సీడీ ప్లేయర్‌లో వాయించి ఆసిలోస్కోప్‌కు కలిపితే, అలకు మూడు బిందువులైనా లేకపోయినా తెర మీద చక్కటి సైన్ అలే కనిపిస్తుంది.

16 బిట్లకు దొరికే ఎడం 96 డెసిబెల్స్. అసలు ప్రశ్న అడుగున ఏమవుతుందనేది. వాద్యం ఆగాక ప్రతిధ్వని సన్నగిల్లుతూ ఆఖరి బిట్ దగ్గరికి చేరినప్పుడు, ఏ జాగ్రత్తా లేకుండా అంకెలను కత్తిరించేస్తే అది ఇసుక నలిగినట్టు గరగరలాడి ఠక్కున ఆగిపోతుంది. దానికి విరుగుడు డిథర్. కత్తిరించేముందు అతి స్వల్పమైన రొదను కావాలని కలుపుతారు. గరగర పోయి, దాని స్థానంలో నిలకడైన సన్నని బుస మిగులుతుంది, ప్రతిధ్వని ఆ బుస కిందికి కూడా మెల్లగా దిగుతూ వినిపిస్తుంది. డిథర్ లేకుండా తయారైన సీడీలను విన్నవాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే, కానీ తప్పు డిస్కుది కాదు.

డిస్కు మీద పడే గీతల మాటకొస్తే, పాడయ్యే వైపు ఏదో చాలామందికి తెలియదు. లేజర్ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండా చూస్తుంది కాబట్టి మెరిసే వైపు పడ్డ చిన్న గీతలు దాని ఫోకస్‌లోకే రావు. అల్యూమినియం పొర ఉండేది లేబుల్ కిందే, దాని మీద పలచటి లక్క పూత మాత్రమే. అటువైపు పడ్డ గీత డేటానే గీకేస్తుంది. తుడిచేటప్పుడు కేంద్రం నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంట సాగుతుంది, దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు దాటిన లోపాన్ని ప్లేయర్ పూర్తిగా సరిదిద్దలేదు. అప్పుడు అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను బట్టి ఊహించి పూరిస్తుంది. చెవికి తెలియకపోవచ్చు గానీ కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ ఊహ ఫైల్లో స్థిరపడిపోతుంది. ఒకే ట్రాక్‌ను మళ్లీ మళ్లీ చదివి, వచ్చిన చెక్‌సమ్‌ను (డేటా నుంచి లెక్కగట్టిన గుర్తింపు అంకెను) ఇతరుల ఫలితాలతో పోల్చే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్ వాడేది అందుకే.

సీడీకి చెడ్డపేరు తెచ్చింది

96 డెసిబెల్స్ చోటు చేతికొచ్చాక పరిశ్రమ దాన్ని వాడుకున్న తీరు విచిత్రం. 1990ల నుంచి ప్రతి ఆల్బమ్ పక్కదానికంటే బిగ్గరగా ఉండాలనే పోటీ మొదలై, లిమిటర్లతో శిఖరాలను నరికేసి, మొత్తాన్ని పైకప్పుకు ఆనించేశారు. డ్రమ్ దెబ్బకూ దాని వెనక నడిచే గిటార్‌కూ ఎడం ఐదారు డెసిబెల్స్ ఉంటే గొప్ప. పది నిమిషాల్లో చెవి అలిసిపోతుంది. ఇలాంటి సీడీని, అంతగా నొక్కని మాస్టర్ నుంచి కోసిన ఎల్పీతో పోలిస్తే ఎల్పీయే గెలుస్తుంది, గెలవాలి కూడా.

ఇక్కడో కిటుకు ఉంది. డైనమిక్ రేంజ్‌ను, అంటే చిన్న పెద్ద శబ్దాల మధ్య ఎడాన్ని, కొలిచే ఉచిత మీటర్లు ఎల్పీ నుంచి తీసిన ఫైలుకు ఎక్కువ మార్కులు వేస్తాయి. అదే నొక్కేసిన మాస్టర్ నుంచి ఎల్పీ కోసినా, గాడీ కార్ట్రిడ్జ్ అలల దశను కాస్త అటూ ఇటూ జరుపుతాయి. దాంతో చదునుగా నరికిన శిఖరాలు మళ్లీ ఎగుడుదిగుడుగా లేస్తాయి. మీటర్ ఆ ఎగుడుదిగుళ్లను చూసి నాలుగైదు పాయింట్లు కలిపేస్తుంది, చెవికి మాత్రం ఏదీ తిరిగి రాదు. ఎల్పీ మాస్టర్ వేరని రుజువుగా ఆ అంకెను చూపించడం కుదరదు.

"పూర్తి అనలాగ్" అనే ముద్రనూ అంతే జాగ్రత్తగా చూడాలి. గాళ్ల మధ్య ఎడం ఎంత ఉంచాలో నిర్ణయించడానికి కటింగ్ యంత్రానికి రాబోయే శబ్దం ఒక చుట్టు ముందే తెలియాలి. మొదట్లో టేపు యంత్రానికి అదనపు హెడ్ పెట్టి ఆ పని చేశారు. 1970ల చివరి నుంచి చాలాచోట్ల డిజిటల్ డిలే వచ్చి చేరింది. అంటే సూదికి చేరే శబ్దం అప్పటికే ఒకసారి అంకెలైపోయింది. 2022లో ఆడియోఫైల్ రికార్డులకు పేరున్న ఒక లేబుల్ తన ఎల్పీల తయారీలో డిజిటల్ దశ ఉందని ఒప్పుకున్నప్పుడు పెద్ద దుమారమే రేగింది. అప్పటిదాకా ఆ రికార్డులను అనలాగ్ మాధుర్యానికి నమూనాగా చూపించినవాళ్లు వాటిలో ఏ తేడానూ పసిగట్టలేదు.

ఫైళ్లు

ఫ్లాక్, ఏలాక్ ఫైళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అవి జిప్ ఫైలు లాంటివి, విప్పితే ప్రతి బిట్టూ తిరిగొస్తుంది. నాలుగు నిమిషాల పాట కుదించని వేవ్ ఫైలుగా 42 మెగాబైట్లుంటే ఫ్లాక్‌గా సాధారణంగా 20 నుంచి 30 మధ్య ఉంటుంది. వేవ్ కంటే ఫ్లాక్ మందంగా వినిపిస్తోందనేవాళ్లు రెండింటినీ ఎడిటర్‌లో పెట్టి ఒకదాన్నుంచి ఒకటి తీసేసి చూడవచ్చు. మిగిలేది సున్నా.

ఎంపీ3, ఏఏసీ, ఓపస్ వేరే జాతి. ఒక పెద్ద శబ్దం తన పక్కనున్న చిన్న శబ్దాన్ని చెవికి వినబడకుండా కప్పేస్తుంది. ఫైలును తయారుచేసే ఎన్‌కోడర్ ఆ కప్పబడ్డదాన్ని ముతకగా రాసి బిట్లు మిగుల్చుకుంటుంది. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3లో చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పారేస్తాయి. డ్రమ్స్‌తో వాడే ఇత్తడి తాళాలు (సింబల్స్) నీళ్లలో మునిగినట్టు సుడులు తిరుగుతాయి. ప్రేక్షకుల చప్పట్లు ఇసుక జల్లించినట్టు అవుతాయి. ఇంకో లోపం దెబ్బకు ముందే వచ్చే ప్రతిధ్వని. ఎంపీ3 శబ్దాన్ని 576 శాంపిళ్ల ముక్కలుగా, అంటే 13 మిల్లీసెకన్ల చొప్పున చూస్తుంది. ముక్క మధ్యలో చిడతల దెబ్బ పడితే, ముతకగా రాయడం వల్ల వచ్చిన రొద ముక్క అంతటా పరుచుకుని, దెబ్బ కంటే ముందు "ఫ్స్" అని వినిపిస్తుంది. తక్కువ బిట్ రేటును పట్టుకోవడానికి చిడతల రికార్డింగే అందరూ వాడే పరీక్ష. 256 ఏఏసీ, లేమ్ ఎన్‌కోడర్‌తో చేసిన 320 ఎంపీ3 దగ్గరికొచ్చేసరికి మంచి హెడ్‌ఫోన్లతో శ్రద్ధగా విన్నా దొరకడం కష్టం.

చిక్కు ఒకసారి నొక్కినదాన్ని మళ్లీ నొక్కినప్పుడు వస్తుంది. ఎంపీ3ను ఏఏసీగా మార్చి, దాన్ని శబ్దాన్ని మళ్లీ కుదించే ఎస్‌బీసీ కోడెక్ వాడే బ్లూటూత్ హెడ్‌ఫోన్లకు పంపితే మూడుసార్లు కోత పడ్డట్టు. కొన్ని ఫ్లాక్ ఫైళ్లు ఎంపీ3 నుంచి తయారైన నకిలీలు. స్పెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర స్కేలు పెట్టి కోసినట్టు అడ్డగీత కనిపిస్తుంది. పాత టేపు రికార్డింగుల్లో పై స్వరాలు సహజంగానే తక్కువ, కానీ అవి పొగలా మెల్లగా పలచబడతాయి.

ఇక 24 బిట్, 96 లేదా 192 కిలోహెర్ట్జ్ హై రిజల్యూషన్ ఫైళ్లు. స్టూడియోలో రికార్డింగ్‌కు 24 బిట్లు ఎంతో మేలు, లెవెల్ తక్కువ పెట్టుకున్నా రొద పెరగదు. వినడానికి వచ్చేసరికి మేలు చాలా స్వల్పం. 2007లో పరిశోధకులు మేయర్, మొరాన్ హై రిజల్యూషన్ డిస్కుల దారిలో సీడీ నాణ్యతకు దించే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ మెట్టును చొప్పించినప్పుడు మామూలు వాల్యూమ్‌లో శ్రోతలు దాన్ని గుర్తుపట్టలేకపోయారు. 2016లో పరిశోధకుడు జాషువా రీస్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కిస్తే సరైన జవాబులు 52.3 శాతం. గుడ్డిగా ఊహించినా 50 వస్తుంది.

పోల్చే పద్ధతి

రెండింటి మధ్య ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా, బిగ్గరగా ఉన్నది "బిగ్గరగా" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. కాబట్టి మొదట లెవెల్‌ను 0.1 డెసిబెల్ దాకా కలపాలి. ఆ తర్వాత ఏది ఏదో తెలియకుండా వినాలి. ఫూబార్2000 అనే కంప్యూటర్ ప్లేయర్‌లో, దాచిపెట్టిన ఎక్స్ అనేది ఏనో బీనో చెప్పమనే ఏబీఎక్స్ విడిభాగం ఇందుకే ఉంది. 16 సార్లు ప్రయత్నిస్తే కనీసం 12 సరిగ్గా చెప్పాలి, ఊరికే ఊహించి 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకునే అవకాశం 4 శాతం లోపే.

ఎల్పీని డిజిటల్ మింగేస్తుందా అనే ప్రశ్నకు అన్నిటికంటే సూటి పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. శుభ్రం చేసిన రికార్డును ఫోనో ప్రీయాంప్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించాలి. అత్యంత జోరైన చోట మీటర్ సున్నాకు 6 డెసిబెల్స్ కింద ఆగాలి. చిటపటలు తొలగించే ఫిల్టర్లేవీ వాడకూడదు. ఆ ఫైలును డిథర్‌తో 16 బిట్, 44.1కి దించి సీడీ రూపం చేయాలి. దించినదాన్ని మళ్లీ 24 బిట్, 96కు ఎక్కించి, అప్పుడే మొదటి ఫైలుతో ఏబీఎక్స్‌లో పెట్టాలి. ఈ ఆఖరి మెట్టు వదిలేస్తే, శాంపిల్ రేటు మారిన ప్రతిసారీ డీఏసీలో వచ్చే చిన్న "టిక్" శబ్దమే ఏది ఏదో చెప్పేస్తుంది, 16కు 16 వచ్చేస్తాయి.